నక్షత్రలోకపు కథలలో పరిశుద్ధ గ్రంథపు ప్రతిధ్వనులు

గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలలో తొమ్మిదవ తరగతి విద్యార్థులకు మే మొక చిన్న ప్రశ్న నిచ్చితిమి. ఆదికాండమునకు ఆంగ్లమున గల పేరేమి? దాని యర్థమేమి? ఇదియే ఆ ప్రశ్న. జవాబు పత్రములు దిద్దుచుండగా నొక విద్యార్థి యిట్లు వ్రాసియుండుట చూచితిమి: "జెనిసిస్ అనగా జీవములేని గ్రహమును ఆఱు నిమిషములలో జీవముతో నింపు యంత్రము." మేము నవ్వుకొని, ఎఱ్ఱసిరాతో గీత గీచి, సున్న వేసి, ప్రక్కన "సినిమాలు తగ్గించుము" అని కూడ వ్రాసితిమి.

పత్రము లిచ్చిన మఱునా డా విద్యార్థి ఉపాధ్యాయుల గది గుమ్మమువద్ద నిలిచి యుండెను. "మాష్టారూ, మార్కుల కొఱకు రాలేదు. ఆ యంత్రము చేసిన గ్రహము కొన్నాళ్లకే పగిలి నశించినది. ఎందులకో మీకు తెలియునేమో యని యడుగ వచ్చితిని" అనెను. మాకు తెలియలేదు. అతని ప్రక్కన అతని బల్లమీదనే కూర్చుండు మఱియొక బాలుడును వచ్చియుండెను. వాడు మన సంఘపు ఉపదేశకుని కుమారుడు. ఆదికాండము మొదటి యధ్యాయమును తడుముకొనక అప్పగింపగలడు. కాని ఆ గ్రహపు మాట వాడెన్నడును వినలేదు. ఒకనికి కథ తెలియును, గ్రంథము తెలియదు. మఱియొకనికి గ్రంథము తెలియును, కథ తెలియదు. మాకో, ఆ రెంటి నడుమ నున్న త్రోవ తెలియదు.

ట్రెయినింగు కాలేజీలో మాకు మొట్టమొదట నేర్పిన సూత్ర మొకటి కలదు: తెలిసినదానినుండి తెలియనిదానికి శిష్యుని నడిపింపవలెను. ఇరువది సంవత్సరములుగా బోధించుచున్న మేము ఆనా డా సూత్రమును మఱచి, శిష్యునికి తెలిసినదానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. పిమ్మట ఆ కథలను గూర్చి మేమును కొంత నేర్చుకొంటిమి. అట్లు నేర్చినదానిని మన పాఠశాలా విద్యార్థులకొఱకు ఇచ్చట విన్నవించుచున్నాము.

సూచన యనగా నేమి?

ఎవడైన మిక్కిలి శ్రమపడి యొక కార్యమును సాధించినయెడల "భగీరథప్రయత్నము చేసెను" అందుము. ఆ రెండు మాటలలో ఆకాశగంగయు, శివుని జటాజూటమును, సగరపుత్రుల భస్మరాశియు ఇమిడి యున్నవి. వినువానికి కథ తెలిసినయెడల ఆ మాట కొండంతయగును. తెలియనియెడల అది వట్టి శబ్దము. ఇట్లు ఒక కథలో నుండి వేఱొక కథవైపు వ్రేలు చూపుటను సూచన యందుము. 2024లో విడుదలయైన "కల్కి 2898 ఏడీ" యను తెలుగు చలనచిత్రమున, వేలకొలది యేండ్ల తరువాతి కాలములో అశ్వత్థామ కనబడును. అత డెవడో తెలుగు ప్రేక్షకునికి వివరింప నక్కఱలేదు. అమ్మమ్మయొద్ద విన్న భారతకథయే ఆ పని చేయును. అట్లే ఆంగ్లభాషలో కథలు వ్రాయువారికి పరిశుద్ధ గ్రంథము అమ్మమ్మయొద్ద విన్న కథ. వారిలో విశ్వాసులును, అవిశ్వాసులును కూడ ఆ నూతినుండియే నీళ్లు తోడుకొందురు.

ఉమ్మడి కథాలోకము

విజ్ఞానశాస్త్రమును ఊహతో జోడించి వ్రాయు కథలను సైన్సు ఫిక్ష నందురు. వానిలో కొన్ని యొక్కరు వ్రాసి ముగించినవి కావు. ఒకే లోకము, ఒకే చరిత్ర, అవే పాత్రలు. వ్రాయువారు మాత్రము పలువురు. దీనిని మన ఉమ్మడి కుటుంబపు పొలముతో పోల్చవచ్చును. అన్నదమ్ములలో ఎవ్వరైనను దున్నవచ్చును, విత్తవచ్చును. కాని తాత పాతిన గట్టురాళ్లను పెఱికివేయుటకు ఒక్కనికి హక్కులేదు. ఒకరు విత్తినదాని ఫలమును వేఱొకరు కోయవలసి యుండును. మన భాషలోనే నన్నయ ఆరంభించిన భారతమును తిక్కన, ఎఱ్ఱనలు పూర్తిచేసిరి. పదునొకండవ శతాబ్దమున పూనిన పని పదునాల్గవ శతాబ్దమున ముగిసెను. కావున పలువురు కలిసి యొక కథాలోకమును కట్టుట మనకు క్రొత్త సంగతి కాదు.

ఇట్టి కథాలోకములలో 1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికా టెలివిజనులో ప్రారంభమైన "స్టార్ ట్రెక్" మిక్కిలి ప్రసిద్ధమైనది. జీన్ రాడెన్‌బెరీ దానిని సృష్టించెను. ఎంటర్‌ప్రైజు అను నక్షత్రనౌక, దాని నాయకుడు కిర్క్, అతని మిత్రుడును వల్కనుజాతివాడునగు స్పాక్ దానిలో ముఖ్యులు. రాడెన్‌బెరీ బాప్టిస్టు కుటుంబమున పెరిగినవాడైనను, తరువాత మతవిశ్వాసమును విడిచి మానవవాది యయ్యెను. అయినను అతని కథాలోకమున ఏదెను తోట మాటిమాటికి కనబడుచుండును.

ఇట్టి లోకములను ప్రేమించువారు ఏ కథ ప్రమాణమో, ఏది కాదో తమలో తాము వాదించుకొందురు. ప్రమాణమైనదానిని "కానన్" అందురు. ఇది మన గ్రంథమునుండి పోయిన మాటయే. గ్రీకుభాషలో దాని యర్థము కొలకఱ్ఱ. పరిశుద్ధ గ్రంథమున చేరదగిన పుస్తకముల పట్టికకు పూర్వపు క్రైస్తవు లా పేరు పెట్టిరి. 1911లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్లేయుడు, గ్రంథపండితుల పద్ధతులను పరిహాసముగా షెర్లాక్ హోమ్సు కథల కన్వయించి యొక యుపన్యాస మిచ్చెను. కథల విషయమున ఆ మాట వాడుకలోనికి వచ్చుటకు అదియే కారణమని చెప్పుదురు. ఆ నాక్స్ తరువాత కథోలిక గురువై, లాటిను ప్రతినుండి పరిశుద్ధ గ్రంథమును ఆంగ్లమునకు అనువదించెను.

పరిశుద్ధ గ్రంథముకూడ పలువురు, పలు కాలములలో వ్రాసిన అఱువదియాఱు పుస్తకముల సముదాయమే గదా! అందులో వెనుకటివారి మాటలను ముందరివారు మఱల మఱల తలచుకొందురు. ఎఱ్ఱసముద్రములో త్రోవ యేర్పడిన సంగతిని యెషయా తలచి, బబులోను చెఱనుండి విడుదలను వర్ణించెను. యోహాను తన సువార్తను ఆదికాండము ఆరంభించిన మాటతోనే ఆరంభించెను. ఆదికాండమున మూయబడిన జీవవృక్షపు త్రోవ ప్రకటన గ్రంథపు చివర తెఱువబడినది. కాబట్టి సూచన యను విద్యను నేర్చుకొనుటకు పరిశుద్ధ గ్రంథమునకు మించిన పాఠశాల లేదు.

మూడు ప్రశ్నలు

కథలో గ్రంథసూచన కనబడినప్పుడు "అదిగో, మన బైబిలు!" అని సంతోషించి యూరకుండుటయు, "అయ్యో, దైవదూషణ!" అని కోపించుటయు రెండును తొందరపాటే. మే మిరువురు బాలురతో కూర్చుండి మూడు ప్రశ్న లేర్పఱచుకొంటిమి. మొదటిది: కథ తీసికొన్నది పేరు మాత్రమేనా, సంఘటననా, లేక అర్థమునా? రెండవది: తీసికొన్నదానిని కథ ఎట్లు మార్చెను? మూడవది: గ్రంథపు కొలకఱ్ఱతో కొలిచినప్పుడు కథ యెంత పొడవు తేలును? ఈ మూడవదియే ముఖ్యము. ఏలయన ఎరవు తెచ్చిన పేరు ఒంటరిగా రాదు. తన కొలబద్దను చేతపట్టుకొనియే వచ్చును. రచయిత కోరినను కోరకున్నను ఆ కొలబద్ద కథమీద పడును.

ఏదెను తోట

1967 అక్టోబరులో ప్రసారమైన "ది యాపిల్" అను స్టార్ ట్రెక్ కథను చూతము. ఒక సుందర గ్రహమున జనులు ముసలితనము లేక, వ్యాధి లేక సుఖముగ నుందురు. వాల్ అను యంత్రము వారి దేవుడు. దాని ముఖము ఘోరసర్పపు తలవలె నుండును. జనులు దినదినము దానికి ఆహారము తెచ్చి పెట్టవలెను. వారిలో ప్రేమ నిషిద్ధము, బిడ్డలు లేరు. కిర్క్ ఆ యంత్రమును నాశనముచేసి, ఇక మీ బ్రదుకు మీరు బ్రదుకుడని వారికి చెప్పును. చివర స్పాక్ ఆదికాండమును జ్ఞాపకము చేసి, మనము వీరికి నిషిద్ధఫలము తినిపించినట్లయినది గదా యని సందేహించును. అంతట కిర్క్ స్పాక్ యొక్క మొనదేలిన చెవులను చూచి, మనలో సాతానును పోలినవా డెవడో యని పరిహాసము చేయును.

ఇచ్చట కథ ఏదెనును తలక్రిందులు చేసినది. తోట చెఱసాల యైనది. పండు విడుదల యైనది. ఉపదేశకుని కుమారుడు దీనిని విని మొదట నొచ్చుకొనెను. కాని మూడవ ప్రశ్న అడిగినప్పుడు వాడే చక్కని జవాబు చెప్పెను. "ఏదెనులో ఆదామునకు తోటను సేద్యపఱచు పని యుండెను. జంతువులకు పేళ్లు పెట్టు బుద్ధి యుండెను. ఫలించి యభివృద్ధి పొందుడని ఆశీర్వాద ముండెను. వాల్ తోటలో ఇవి యేవియు లేవు. కావున కిర్క్ పడగొట్టినది ఏదెను కాదు" అనెను. వాడు చెప్పినది నిజము. స్పాక్ చేసిన పోలిక తప్పని గ్రంథమే చూపుచున్నది. ఇంతేకాదు, ఆదికాండ మా ఫలమునకు పేరే పెట్టలేదు. అది యాపిలు పండనుట పాశ్చాత్యదేశములలో తరువాత వచ్చిన వాడుక.

పదునాఱు నెలల తరువాత, 1969 ఫిబ్రవరిలో, అదే కథాలోకము మరల ఏదెనునకు పోయెను. "ది వే టు ఈడెన్" అను కథలో కొందఱు యువజనులు నాగరికతను రోసి, ఏదెను అను గ్రహమును వెదకుచు, ఎంటర్‌ప్రైజు నౌకను బలాత్కారముగ వశపఱచుకొని అచ్చటికి చేరుదురు. గ్రహము కంటి కింపుగానే యుండును; కాని అందలి గడ్డిలోను ఆకులలోను కాల్చివేయు ద్రావకము, పండ్లలో విషము. పండు తిని చనిపోయిన యువకుని పేరు ఆదాము. ఈ కథలో ఏదెను వట్టి పేరు కాదు. ఆదికాండము మూడవ యధ్యాయము చివర తోటకు కెరూబుల కావలి యుండుట జ్ఞాపకము చేసికొన్నయెడల, దొంగిలించిన నౌకలో వెనుకకు తిరిగిపోయి చేరగల తోట యెచ్చటను లేదని ఈ కథ చెప్పకయే చెప్పుచున్నది. మొదటి కథలో తోటను విడువవలెనని ఒకరు వ్రాయగా, రెండవ కథలో తోటను చేరలేమని మఱియొకరు వ్రాసిరి. ఉమ్మడి కథాలోకమున కిదియే లక్షణము.

ఆఱు నిమిషముల సృష్టి

ఇక ఆ విద్యార్థి యడిగిన గ్రహము సంగతి. 1982లో వచ్చిన "ది రాత్ ఆఫ్ ఖాన్" అను స్టార్ ట్రెక్ చలనచిత్రమున డాక్టరు కేరొల్ మార్కస్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె కుమారుడు డేవిడును మఱికొందఱతో కలిసి జెనిసిస్ అను యంత్రమును నిర్మింతురు. దానిని నిర్జీవ గ్రహముమీద ప్రయోగించిన నది పచ్చని భూమియగును. కాని ప్రాణులున్న గ్రహముమీద ప్రయోగించిన, ఉన్న జీవమంతయు తుడిచిపెట్టుకొని పోయి క్రొత్తది వచ్చును. నౌకావైద్యుడు మెకాయ్ దీనిని చూచి, ఆఱు దినముల పనిని ఆఱు నిమిషములలో చేయుదురా యని భయపడును. మన విద్యార్థి పత్రములోని ఆఱు నిమిషములు ఇచ్చటివే. పగబట్టిన ఖాన్ అనువాడు చచ్చుచు ఆ యంత్రమును ప్రేలుపగా ఒక క్రొత్త గ్రహము పుట్టును. 1984లో వచ్చిన "ది సెర్చ్ ఫర్ స్పాక్" అను చిత్రమున ఆ గ్రహము త్వరత్వరగ ముసలిదై బ్రద్దలగును. ప్రోటోమాటర్ అను అస్థిరపదార్థమును, శాస్త్రజ్ఞులు నిషేధించినదానిని, డేవిడు త్వరపడి అందులో వాడెను. అదియే గ్రహనాశమునకు కారణమని కథ చెప్పును.

"అది కథ చెప్పిన కారణము. గ్రంథము చెప్పు కారణ మేది?" అని మే మా విద్యార్థి నడిగితిమి. ఆదికాండము మొదటి యధ్యాయమును తెఱచి అతనిచేత చదివించితిమి. అతడు తొందరలేక చదివి, దేవుడు ప్రతి పనియు చేసి దానిని చూచెననియు, అది మంచిదని యెంచెననియు వ్రేలుంచి చూపెను. "మాష్టారూ, ఆ యంత్రము చేసినవారు ఆగి చూడలేదు. ఆఱు నిమిషములలో చూచుటకు సమయమేది?" అనెను. రెండవ యధ్యాయపు మొదటి వచనములు చదివి, "ఏడవ దినమునకు సరిపడు ఏడవ నిమిషముకూడ లేదు" అనెను. మేము ట్రెయినింగు కాలేజీలో నేర్చిన పాఠములన్నియు ఆ క్షణమున మాకు సార్థకములైనవి. ఆ చిత్రమును వ్రాసినవారు సబ్బాతును తలచిరో లేదో మేము చెప్పజాలము. కాని సృష్టి గ్రంథపు పేరు పెట్టుకొన్న యంత్రమును సృష్టి గ్రంథముతో కొలుచుటకు పాఠకునికి హక్కు కలదు. చూపు లేని సృష్టి, విశ్రాంతి లేని సృష్టి నిలువజాలదని ఆ కొలత తెలుపుచున్నది.

ఆంగ్లదేశపు బీబీసీ 1963 నుండి ప్రసారముచేసిన "డాక్టర్ హూ" అను కథాలోకమునందును ఈ పేరు వినబడును. 1975లో టెరీ నేషన్ వ్రాసిన "జెనిసిస్ ఆఫ్ ది డాలెక్స్" అను కథలో డావ్రోస్ అను శాస్త్రజ్ఞుడు యుద్ధములో గెలుచుటకై దయ యెఱుగని డాలెక్కులను సృష్టించును. తుదకు అవి అతనిమీదికే తిరుగును. అప్పుడు దయచూపుడని అతడు వేడుకొనగా, ఆ మాటయే వానికి తెలియదు. సృష్టికర్త తన పోలిక చొప్పున మనుష్యుని చేసెనని ఆదికాండము చెప్పును. డావ్రోసుకూడ తన పోలిక చొప్పుననే చేసెను, అందుకే నశించెను. ఒకే పేరు, రెండు దేశముల కథలు. రెంటను గ్రంథము పలికినది సృష్టికర్త హృదయమును గూర్చియే.

ఒక్కడును అనేకులును

1982 చిత్రపు చివర స్పాక్ నౌకలోని వారి నందఱను రక్షించుటకై విషకిరణముల గదిలో ప్రవేశించి ప్రాణము విడుచును. అనేకుల యవసరము ఒక్కని యవసరముకంటె గొప్పదను తర్కము నతడు చెప్పుకొనును. యోహాను సువార్త పదునొకండవ యధ్యాయమున ప్రధానయాజకుడగు కయప చెప్పిన లెక్కయు ఇదియే: జనులందఱు నశించుటకంటె ఒక్కడు చచ్చుట మేలు. లెక్క యొక్కటే, కాని కయప ఇతరుని ప్రాణమునుగూర్చి చెప్పెను, స్పాక్ తన ప్రాణమునుగూర్చి చెప్పెను. ఆ ఒక్క భేదములోనే హత్యకును త్యాగమునకును నడుమనున్న దూరమంతయు కలదు. స్నేహితులకొఱకు ప్రాణము పెట్టుటను గూర్చి ప్రభువు తన శిష్యులకు బోధించిన మాట ఆ సువార్తయందే పదునైదవ యధ్యాయమున నున్నది.

1984 చిత్రమున ఆ క్రొత్త గ్రహముమీద స్పాక్ శవపేటిక ఖాళీగా నుండి, కప్పిన వస్త్రము మాత్రము మిగిలి యుండును. ఈస్టరు ప్రాతఃకాలపు సమాధి ఎవరికి జ్ఞాపకము రాదు? కాని ఇచ్చట జాగ్రత్త యవసరము. స్పాక్ మరల బ్రదుకుట ఆ గ్రహపు శక్తివలనను, వల్కనుల ఆత్మవిద్యవలనను జరిగినది. అది జగద్రక్షణ కాదు. సంఘటనను తీసికొన్నారు, అర్థమును తీసికోలేదు. అయినను ఆ చిత్రమునం దొక సంగతి మిక్కిలి విలువైనది. ఒక్క మిత్రునికొఱకు కిర్క్ తన పదవిని, తన నౌకను, తుదకు తన కుమారుడగు డేవిడును కూడ పోగొట్టుకొనును. ఈసారి ఒక్కని యవసరమే అనేకుల యవసరముకంటె గొప్పదైనదని అతడు సమాధానము చెప్పును. తొంబదితొమ్మిది గొఱ్ఱెలను విడిచి యొక్కదానిని వెదకిన కాపరి లెక్క యిదియే. మొదటి చిత్రము వేసిన లెక్కకు రెండవ చిత్రము జవాబిచ్చినది.

నిర్గమము

1978 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభమైన "బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా" అను కథను సృష్టించిన గ్లెన్ లార్సన్ మార్మను సంఘస్థుడు. పండ్రెండు గోత్రములవలె పండ్రెండు లోకములలో మనుష్యులుందురు. సైలనులను యంత్రశత్రువులు ఆ లోకములను నాశనముచేయగా, మిగిలినవారు నౌకలెక్కి, అడామా అను నాయకుని వెంట, పూర్వ మెన్నడో తమనుండి వేఱైపోయిన పదుమూడవ గోత్రమువారున్న భూమిని వెదకుచు ప్రయాణింతురు. ఐగుప్తు విడిచి అరణ్యమున నడచిన ఇశ్రాయేలీయుల కథ దీనికి మూలరేఖ యని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

రానాల్డ్ మూర్ దానిని 2003లో మరల ఆరంభించి 2009 వరకు నడిపెను. అందులో మనుష్యులు పెక్కు దేవతలను కొలుతురు, యంత్రములు మాత్రము ఒక్కడే దేవుడందురు. ఈ తలక్రిందుల మార్పు మనల నాలోచింపజేయును. ఏలయన ఒక్కడే దేవుడని నోటితో ఒప్పుకొన్న ఆ సైలనులే కోట్లకొలది జనులను చంపిరి. విశ్వాసము నిజమైనదా కాదా యని తెలియుటకు ఒప్పుకోలు చాలదని యాకోబు పత్రిక రెండవ యధ్యాయము చదివినవా రెఱుగుదురు. ఆ ప్రజల అధ్యక్షురాలు లారా రోజ్లిన్ మరణకరమైన వ్యాధి కలది. చనిపోవుచున్న నాయకురాలు జనులను నడిపించును గాని తాను ఆ దేశమున ప్రవేశించునంతవఱకు బ్రదుకదని వారి ప్రవచనము. 2009 మార్చిలో వచ్చిన చివరి కథలో ఆమె ఆ క్రొత్త భూమిని కన్నులార చూచి, అచ్చట కాపురముండక మునుపే కన్నుమూయును. నెబో కొండమీదనుండి కనానును చూచి మరణించిన మోషేను మన ఉపదేశకుని కుమారుడు వెంటనే గుర్తించెను.

మమ్ము మిక్కిలి కదిలించినది వేఱొక చిన్న సంగతి. అధ్యక్షురాలు మిగిలినవారి లెక్కను ఒక బోర్డుమీద వ్రాసియుంచును. ఆరంభమున అది సుమారు 50,000. ఎవరు చనిపోయినను ఆ యంకె తగ్గును. మొదటి కథాభాగపు చివర, శత్రువుల దాడిలో ఎందఱో పోయిన పిమ్మట, ఒక నౌకలో మగబిడ్డ పుట్టెనను వార్త వచ్చును. ఆమె లేచి, ఉన్న యంకెకు ఒకటి కలుపును. సంఖ్యాకాండము మొదటి యధ్యాయమున యుద్ధమునకు పోదగిన పురుషుల లెక్క 6,03,550 అని చదువునప్పుడు మాకును విసుగు పుట్టుచుండెడిది. ఆ బోర్డును గూర్చి విన్నపిమ్మట విసుగు పోయినది. అరణ్యములో నడచు జనమునకు లెక్కపుస్తకము ప్రేమపుస్తకముకూడ కావచ్చును.

నౌక యడిగిన దేవుడు

ఒక తండ్రి మాయొద్దకు వచ్చి, ఇట్టి కథలు పిల్లల భక్తిని చెడగొట్టవా యని యడిగెను. ఆయన భయము నిరాధారము కాదు. సమాధిని, సిలువను, దేవుని పేరును కేవలము మెఱుపుకొఱకు వాడుకొను కథలు కలవు. అట్టివానిని మూడు ప్రశ్నలతో జల్లించినయెడల పొట్టు పోవును. అయితే 1989లో వచ్చిన "ది ఫైనల్ ఫ్రాంటియర్" అను స్టార్ ట్రెక్ చిత్రములోని యొక సంగతిని మే మాయనకు చెప్పితిమి. సైబోక్ అనువాడు దేవుని చూపింతునని అందఱను ఒక దూరగ్రహమునకు తీసికొనిపోవును. అచ్చట గొప్ప వెలుగులో ఒక ముఖము కనబడి, మీ నౌకను నాకిండని యడుగును. కిర్క్ మాత్రము, దేవునికి నౌకతో పనియేమి యని ప్రశ్నించును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక అది కోపగించి కొట్టును. అది దేవుడు కాదు, అచ్చట బంధింపబడిన దుష్టశక్తి యని తేలును.

ఆ ప్రశ్న అవిశ్వాసి ప్రశ్నవలె వినబడును గాని, నిజమునకు అది ప్రవక్తల ప్రశ్న. ఏబదియవ కీర్తనలో దేవుడు తన కాకలి లేదనియు, మనుష్యుల యెద్దులతో పనిలేదనియు తెలుపును. యెషయా నలువదియాఱవ యధ్యాయమున విగ్రహములను పశువులు మోయవలెననియు, సజీవుడగు దేవుడో తన జనమును తానే మోయుననియు చూపబడినది. మోయబడవలసినది దేవుడు కాదు. ఈ యధ్యాయమును చదివిన బాలుడు ఆ చిత్రమును చూచి చెడిపోడు. పైగా రేపు వెలుగుతోను గంభీరస్వరముతోను ఎవడైన వచ్చి, దేవుని పేర మీ సొమ్ము తెండు, మీ బుద్ధిని నాకప్పగింపుడని యడిగినప్పుడు ఆ ప్రశ్నను జ్ఞాపకము చేసికొనును. ఆ తండ్రి కొంతసేపు మౌనముగ నుండి, ఆ యధ్యాయపు అంకెను కాగితముమీద వ్రాసికొని పోయెను.

ముగింపు

విద్యార్థులారా! కథలు చూడవలదని మేము చెప్పము. చూచినంత మాత్రమున గ్రంథము తెలియునని కూడ చెప్పము. కథ గుమ్మమువంటిది. గుమ్మమునందే కూర్చుండువాడు ఇల్లు చూడడు. గుమ్మమును మూసివేసినవాడును ఇల్లు చేరడు. మీలో గ్రంథము తెలిసినవారు కథ తెలిసిన మిత్రునితో ఒక సాయంకాలము కూర్చుండుడు. ఒకరి కొక రిచ్చుకొనుటకు మీయొద్ద చాల కలదు.

మా పత్రము సంగతి చెప్పి ముగింతుము. ఆ విద్యార్థికి వేసిన సున్నను మేము దిద్దలేదు. ప్రశ్నకు ఆ జవాబు సరికాదుగదా! అతడును దానిని దిద్దుమని కోరలేదు. కాని ప్రక్కన మేము వ్రాసిన మాటను అదే యెఱ్ఱసిరాతో కొట్టివేసి, దాని క్రింద "ఆదికాండము 1, 2 అధ్యాయములు, ఇరువురును కలిసి చదువుడు" అని వ్రాసి యిచ్చితిమి. ఇప్పుడు వా రిరువురును నిర్గమకాండములో నున్నారు.